తెల్ల గాజు ముక్క

ట్యాంకు మీదున్న గుండ్రటి అద్దాన్ని కోషర్ సారు చేతిగుడ్డతో తుడిచాడు. తుడిచినచోటే మళ్లీ తుడిచాడు. టార్చి వేసి లోపలికి చూసి, సంచిలోంచి పాత నోటుబుక్కు తీసి, పోయిన ఏడాది రాసుకున్న పేజీ మీద వేలు పెట్టాడు.

"అంజినప్పా, పోయినసారి ఈ అద్దం మీద అడ్డంగా ఒక గీత ఉండింది. ఇప్పుడు లేదే."

కింద నిచ్చెన పట్టుకుని నిలబడిన బాయిలర్ ఆపరేటర్ అంజినప్ప నిచ్చెన మెట్టునే చూస్తూ చెప్పాడు. "పాతదైపోయింది సార్. మార్చినాం."

"ఎప్పుడు?"

"శానా దినాలైంది. శివరాత్రి అప్పుడేమో."

ముసలాయన అద్దం చుట్టూ ఉన్న రబ్బరు మీద వేలు రాసి, ఆ వేలును ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కొత్త రబ్బరు వాసన. నోటుబుక్కులో ఏదో రాసుకుని మెల్లగా దిగాడు.

మదనపల్లెకూ పుంగనూరుకూ మధ్య రోడ్డు మీద ఉంది ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. అక్కడినుంచి పోయే డ్రముల్లో కొన్ని యూదులుండే దేశాలకు పోతాయి. వాళ్లు తినాలంటే వాళ్ల మతం తెలిసిన మనిషి ఒకడు వచ్చి చూడాలి. లైనులో ముందు ఏం పోశారో కనుక్కోవాలి, ఒక దినమంతా లైనును ఖాళీగా పెట్టించాలి, మరిగే నీళ్లతో కడిగించాలి, బాయిలర్‌కు తన చేత్తో నిప్పు పెట్టాలి. అప్పుడు సంతకం. ఆ సంతకానికి కోషర్ అని పేరు. ఆయన పేరు ఎజ్రా పెజార్కర్, ముంబై యూదుడు. రైల్వేలో చేసి, అందులో పద్నాలుగేళ్లు గుంతకల్లులో ఉండి, అక్కడి తెలుగు నేర్చుకున్నాడు. ఇప్పటికీ రైల్వే పాసు మీద కుప్పం దాకా రైల్లో వచ్చి దిగుతాడు. ఫ్యాక్టరీలో ఎవరికీ ఆయన అసలు పేరు నోరు తిరగదు. కోషర్ సారంటే కోషర్ సారే.

బాయిలర్ షెడ్డులోకి వచ్చి ఆయన స్టూలు మీద కూర్చుని నెత్తి మీది చిన్న టోపీ సర్దుకున్నాడు. అడగాల్సినవన్నీ అడిగేశాడు. అంజినప్ప నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. కానీ ఆ వేలు, ఆ ముక్కు అతని కళ్లముందే ఉన్నాయి.

"అద్దాలదేముంది సార్," అన్నాడు. "మొన్న ఈడ జరిగిన కత మీకు తెలీదు కదా. గుజ్జులో గాజు ముక్క పడింది. జల్లెడ్లో దొరికింది. ఎవురిదనుకున్నారు? సిద్దమ్మ అని, కాయలేరే బెల్టు కాడ ఉంటాదిలే. గాజులేసుకొని వచ్చింది. వీడియో ఉండాది, సూడండి."

ఫోను తీసి ఆయన ముందు పెట్టాడు. బెల్టు దగ్గర నిలబెట్టిన నలభై ఏళ్లు దాటిన మనిషి. రెండు చేతులూ పైకెత్తి ఉన్నాయి. మోచేతుల దాకా తెల్లగుడ్డ చుట్టి ఉంది. మేనేజర్ మునిచంద్ర గొంతు వినిపిస్తోంది. 'అందరూ సూడండి. రూలు తెలిసి కూడా ఏసుకొని వచ్చింది. ఈమె వల్ల నలభై డ్రములు పారబోస్తాండాం. నీ పేరు చెప్పు. గట్టిగా.' ఆమె పేరు చెప్పింది. ఎవరిదో చెయ్యి వచ్చి గుడ్డ విప్పింది, లోపల పచ్చ గాజులు. ఆ చేతిలో కటింగ్ ప్లేయర్ ఉంది. ఒక్కో గాజూ పట్టుకుని నొక్కుతుంటే టిక్ టిక్ మని శబ్దం.

ఎజ్రా అరచెయ్యి ఫోను మీద పడింది. తెర మొత్తం కప్పేశాడు.

"చాలు. ఆపు."

"ఇంగా ఉండాది సార్. కింద మన ఫ్యాక్టరీ గ్రూపులో ఏం రాసినారో సూడండి. గాజుల సిద్దమ్మ అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు అందరూ అదే అంటాండారు."

ముసలాయన చెయ్యి తీయలేదు. "గాజు ముక్క ఏం రంగు?"

"ఆఁ?"

"జల్లెడ్లో దొరికింది. ఏం రంగు?"

అంజినప్ప బాయిలర్‌లో వేసే పొట్టు సంచి మూతిని విప్పి మళ్లీ కట్టాడు. "తెల్లది సార్."

"ఆమె గాజులు?"

బయట లారీ వెనక్కు వస్తూ పీప్ పీప్ మంటోంది. అది ఆగేదాకా అంజినప్ప అటే చూస్తూ నిలబడ్డాడు.

ఎజ్రా ఫోను తిప్పి పెట్టి అతని చేతికిచ్చాడు. "మా పెద్దలు ఒక మాట చెప్పేవాళ్లు. పదిమందిలో ఒక మనిషి మొగం చిన్నబుచ్చితే అది రక్తం పోసినట్లే అని. చిన్నప్పుడు నేను నమ్మలేదు, రక్తం యాడ పోయింది అని అడిగినా. మా నాయన చెప్పినాడు, మొగం సూడరా, ఎరుపు పోయి తెలుపు వస్తాది, ఆ ఎరుపు యాడికి పోయిందనుకుంటాండావు అని." లేచి సంచి భుజానికేసుకున్నాడు. "ఆ వీడియోలో ఒక్క నిమిషం చూసినా. చూడకుండా ఉండాల్సింది. చెప్పినోనికి ఒక దెబ్బ, విన్నోనికి ఒక దెబ్బ, ఆమెకైతే చెప్పేపనే లేదు. నువ్వు నన్ను కూడా కలిపేస్తివి."

క్యాంటీన్‌లో అంజినప్ప తింటూ ఉంటే మారెమ్మ వచ్చి ఎదురుగా కూర్చుంది. బెల్టు దగ్గర సిద్దమ్మ పక్కన నిలబడి కాయలేరేది ఆమే. తలకు కట్టిన గుడ్డ విప్పి మొహం తుడుచుకుంది.

"అంజినప్పన్నా, నాకొక డౌటు. నువ్వు బాయిలర్ మనిషివి, నీకు తెలిసుంటాది. పచ్చ గాజును ఉడకబెడితే తెల్లగా అయితాదా?"

పక్క బల్ల మీద ఇద్దరు నవ్వారు. అంజినప్ప కూడా నవ్వబోయి, నీళ్ల గ్లాసు అందుకున్నాడు.

"కాదు, ఊరికే అడుగుతాండా," అంది మారెమ్మ. "అవి కూతురి సీమంతంలో తొడిగించుకున్న గాజులు. కాన్పయ్యేదాకా తీయద్దని వియ్యపురాలు చెప్పింటే గుడ్డ చుట్టుకొని వచ్చింది పాపం. పుణ్యాత్ముడు ఎవురో ప్లేయర్ తెచ్చిచ్చినాడు."

ప్లేయర్ ఇచ్చింది అంజినప్పే. మునిచంద్ర సారు కేకేస్తే పరిగెత్తుకుంటూ పోయి ఇచ్చి వచ్చాడు. ఆ పూట అతని ఒంట్లో ఉన్న వేగం అతనికే ఆశ్చర్యం. ఎందుకంటే ఆ పొద్దున్నే ఆవిరి ఆపకుండా, కాలుతున్న అద్దం బోల్టులు బిగించాడు. చల్లారేదాకా ఆగాలని ఇరవై రెండేళ్లుగా అందరికీ చెప్పే మనిషి. గంట సేపు లైను ఆగుతుందని, మేనేజర్ తిడతాడని ఆగలేదు. అద్దం అంచు చిట్లింది. చింతగింజంత ముక్క లోపలికి పోయింది. మధ్యాహ్నం భోజనాల టైములో కొత్తద్దం పెట్టి పాతదాన్ని బూడిద గుంటలో పాతేశాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పేవాడే, తర్వాత చెప్పేవాడే. ఈలోపే సిద్దమ్మ దొరికింది.

"సిద్దమ్మ కూతురు ఇందూకి ఈ వారంలో కాన్పు," అంది మారెమ్మ, ప్లేటు తీసుకుని లేస్తూ. "కుప్పంలో వాళ్లత్త జయలక్ష్మమ్మ చెప్పి పంపిందంట. మొగుడు బతికుండంగా పదిమందిలో గాజులు పగలగొట్టించుకున్న చెయ్యి, ఆ చేత్తో బిడ్డను ఎత్తద్దు, మా గడప తొక్కద్దు అని. తినన్నా, అన్నం సల్లారిపోతాది."

సాయంత్రం నాలుగు గంటలకు ఎజ్రా లైను వాల్వులన్నిటికీ దారం కట్టి, ముడి మీద లక్క పోసి, తన ముద్ర వేశాడు. రేపు సాయంత్రం దాకా ఏదీ తిరగకూడదు. ముద్ర వేస్తుంటే కొవ్వొత్తి పట్టుకున్నది అంజినప్పే.

"సార్," అన్నాడు. "తప్పు చేసినోడు దేవునికాడ చెప్పుకుంటే చాలదా? నేను పోయిన శనివారం గుడికి పోయి వచ్చినా."

"దేవునికి చేసిన తప్పు అయితే దేవునికి చెప్పుకో. మనిషికి చేసిందాన్ని దేవుడు మాఫీ చేయడు, ఆయనకు ఆ అధికారం లేదని మా లెక్క. ఆ మనిషి దగ్గరికే పోవాల."

"పోతే తిడితే?"

"తిట్టించుకోవాల. మళ్లీ పోవాల. మూడుసార్లు పోవాలంటారు మాలో."

"మూడు సార్లు పోతే ఇంగ మన బాధ్యత లేదా?"

లక్క చల్లారిందా అని ముసలాయన వేలితో చూశాడు. అంజినప్ప మొహంలోకి మాత్రం చూడలేదు. "ఆ మాటను నువ్వు ఎంత త్వరగా పట్టుకున్నావు అంజినప్పా," అన్నాడు.

మరునాడు బుధవారం. లైను ఖాళీ, బాయిలర్ చల్లగా ఉంది. అంజినప్ప పొద్దున్నే పుంగనూరు బస్టాండులో పలమనేరు బస్సెక్కాడు. అక్కడ దిగి వి.కోట, అక్కడి నుంచి రామకుప్పం. రామకుప్పంలో దిగి సిద్దమ్మ ఊరికి షేర్ ఆటో. సీజన్లో ఫ్యాక్టరీ దగ్గరే ఉండి పని చేసే సిద్దమ్మ ఆ వీడియో తర్వాత ఊరికి వచ్చేసింది. ఆటోలో ఒకాయన ఏనుగులు మొన్న ఎవరి రాగి చేను తొక్కాయో చెబుతున్నాడు. అంజినప్ప తలూపుతున్నాడే గానీ లోపల లెక్క వేసుకుంటున్నాడు. ఈ రోజు ఒకటి. రేపు ఫోన్లో ఒకటి, ఆదివారం ఒకటి. లేకపోతే ఈ రోజే మూడూ అయిపోగొడితే ఏం, మధ్యలో కొంచెం ఆగి అడిగితే సరి.

నాగప్ప మేకల్ని తోలుకుని పోతూ దారిలోనే కనిపించాడు. సిద్దమ్మ మొగుడు. అంజినప్పను చూసి మేకను కొట్టే కర్రను భుజం మీదికి మార్చుకున్నాడు.

"ఫ్యాక్టరీ నుంచా?"

"అవునప్పా. సిద్దమ్మ ఉండాదా?"

"టమోటా తోటలో ఉండాది." నాగప్ప అతని బూట్లు చూశాడు, చొక్కా జేబులోని ఫోను చూశాడు. "మళ్లీ వీడియో తీయడానికైతే వచ్చిండవు కదా," అన్నాడు. జవాబు కోసం ఆగకుండా మేకల వెంట పోయాడు.

సిద్దమ్మ టమోటా మొక్కలకు కర్రలు పాతి పురితో కడుతోంది. చేతులకు ఏమీ లేవు. మణికట్టు దగ్గర సన్నటి గాటు ఒకటి, నల్లగా మానుతూ ఉంది. అతన్ని చూసి పని ఆపలేదు. పురి కొస పళ్లతో కొరికి, ముడి బిగించి, తర్వాతి మొక్క దగ్గరికి పోయింది.

"సిద్దమ్మా," అన్నాడు అంజినప్ప. "నేను తప్పు చేసినా."

"ఏం తప్పన్నా?"

"ఆ గాజు ముక్క నీది కాదు. నాది. ట్యాంకు అద్దం నేనే పగలగొడితి."

ఆమె ఒక కర్రను నేలలో పొడిచి, గట్టిగా ఉందా లేదా అని ఊపి చూసింది. అంజినప్ప ఆమె ఏడుస్తుందనుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. వీటికి దారిలోనే తయారయి వచ్చాడు.

"నన్ను క్షమించమ్మా," అన్నాడు.

"ఆ పురి చుట్ట ఇట్లియ్యి."

ఇచ్చాడు. చాలు మధ్యలో ఆమె వెనకే నడిచాడు. నాలుగు మొక్కలు కట్టేదాకా ఆగి మళ్లీ అన్నాడు. "సిద్దమ్మా, నన్ను క్షమించు."

ఆమె కట్ట మీద పెట్టిన చెంబు తీసుకుని నీళ్లు తాగింది. మొహం మీద కొంచెం చల్లుకుంది. అంజినప్ప ఎండలో నిలబడ్డాడు. అతనికి చాలా దాహంగా ఉంది, అడగలేదు.

"తప్పయిపోయిందమ్మా. క్షమించినానని ఒక మాట చెప్పు."

"మూడోసారి అడుగుతాండావు," అంది సిద్దమ్మ. "ఏమైనా లెక్క పెట్టుకొని వచ్చినావా?"

అంజినప్ప మొహం వేడెక్కింది.

"నువ్వు అంత దూరం నుంచి వచ్చి నాకు చెప్పేదేముందన్నా? నా గాజులు పచ్చవని నాకు తెలీదా? దొరికిన ముక్క తెల్లదని తెలీదా? నాకు తెలిసిందే నాకు చెప్పడానికి మూడు బస్సులు మారి వచ్చినావు." ఆమె గొంతు పెంచలేదు. చెంబు కడిగి బోర్లించింది. "నాది కాదని తెలీనోళ్లు రెండు వందల మంది ఉండారు ఆ గ్రూపులో. వాళ్లనుంచి యాడికి పోయిందో ఏమో. మా వియ్యపురాలి ఫోన్లో నేను చేతులెత్తి నిలబడుకోని ఉండా. దానికి ఎవురో పాట కలిపినారు. ఇందు నిండు నెలల్తో పడుకొని ఉంటే ఆ పాట వినిపిస్తా ఉంటాదంట. వాళ్లకు చెప్పు. నాకెందుకు?"

"చెప్తే నా పని పోతాదమ్మా."

"పోతాది," అంది సిద్దమ్మ.

ఆమె పురి చుట్ట తీసుకుని తర్వాతి మొక్క దగ్గరికి పోయింది. అతను కట్ట మీద కొంతసేపు నిలబడ్డాడు. మూడుసార్లు అయిపోయాయి. ఒళ్లు తేలికవుతుందనుకున్నాడు, ఒక్క రవ్వ కాలేదు. బస్సులో వస్తూ వి.కోట దాటాక అతనికి కోపం వచ్చింది. సిద్దమ్మ మీద, ముసలాయన మీద, మూడు బస్సుల మీద. ఇంతకీ గాజులేసుకొని రావద్దని రూలుంది కదా, ఎందుకు వేసుకొని వచ్చింది అనుకున్నాడు. ఆ ఆలోచన అతనికి పలమనేరు దాకా తోడొచ్చింది. అక్కడ బస్సు దిగి టీ తాగుతుంటే పక్కన కుర్రాళ్లెవరో ఫోన్లో ఏదో చూసి నవ్వారు. అది ఆ వీడియో కాదు, వేరే ఏదో. అయినా అతను గ్లాసు పట్టుకుని దూరంగా పోయి నిలబడ్డాడు.

గురువారం పొద్దున బాయిలర్‌కు కట్టెలు, పొట్టు పేర్చుతుంటే ఎజ్రా వచ్చాడు. చేతిలో ఫైలు. అందులోని కాగితం మీద సంతకం చేయాల్సిన చోటు ఇంకా ఖాళీ.

"పోయి వచ్చినావా?"

"పోయినా సార్. ఒక్కపూటే మూడుసార్లు అడిగినా. ఒప్పుకోలా."

ముసలాయనకు నవ్వొచ్చినట్లుంది, కానీ నవ్వలేదు.

"సార్, మీరు మేనేజర్‌కు చెప్పండి," అన్నాడు అంజినప్ప. దారి పొడుగునా అతను ఆలోచించి కనుక్కున్న ఉపాయం అది. "మీరు చెప్తే ఆయన కాదనడు. మీ సంతకం లేకపోతే ఒక్క డ్రము కదలదు. ఆయమ్మ తప్పు లేదని గ్రూపులో పెడితేనే సంతకం చేస్తానని చెప్పండి."

ఎజ్రా ఫైలు తెరిచి ఆ కాగితం చూశాడు, ముందెప్పుడూ చూడనట్లు. "దీంట్లో నలభై గడులు ఉండాయి అంజినప్పా. ద్రాక్ష పోసినారా అని ఒక గడి. మాంసం కొవ్వు తగిలిందా అని ఒక గడి. కాయలో పురుగు, ఆవిరిలో మందు, అన్నిటికీ ఉండాయి. మనిషి మొగం గురించి అడిగే గడి లేదు. గాజు మాకు నిషేధం కాదు." ఫైలు మూశాడు. "రాత్రి మేనేజర్‌తో కలిసి కూర్చున్నా. నోటిదాకా వచ్చింది. నా పని నేను చూసుకోమంటాడేమో అని ఆగినా. వచ్చే ఏడు నన్ను పిలవకపోతే అని కూడా అనుకున్నా. డెబ్బై నాలుగేళ్లు నాకు. నీకు చెప్పినంత సులభంగా ఆయనకు చెప్పలేకపోయినా."

అంజినప్ప ఆయన వైపు చూశాడు. టోపీ కింద ముసలాయన మొహం రంగు పోయి ఉంది. చెవులు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. అయితే ఈయన కూడా నాలాంటోడే అనుకున్నాడు అంజినప్ప. ఆ మాట అనుకోవడం వల్ల అతనికి ఏ సుఖమూ కలగలేదు. ఇంక చెప్పడానికి ఎవరూ మిగల్లేదని మాత్రం అర్థమైంది.

తొమ్మిదిన్నరకు షిఫ్టులన్నీ బాయిలర్ ముందు నిలబడ్డాయి. సీజన్లో ఇది పెద్ద ఆర్డరు. మునిచంద్ర ప్రతి ఏడూ దీన్ని చిన్న పండగలా చేస్తాడు. బాయిలర్ తలుపుకు పసుపు కుంకుమ, కొబ్బరికాయ. ఆయనే ఫోను పట్టుకుని వీడియో తీస్తాడు. నేరుగా గ్రూపులోకి పోయేలా పెట్టి ఉంటుంది, ఇంటి దగ్గర ఉన్నవాళ్లు కూడా చూస్తారు.

ఎజ్రా అగ్గిపుల్ల గీసి పొట్టు మీద వేశాడు. మంట పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు.

"మన బాయిలర్ ఆపరేటర్, ఇరవై రెండేళ్ల సీనియర్, అంజినప్ప," అన్నాడు మునిచంద్ర ఫోను అతని వైపు తిప్పి. "రెండు మాటలు చెప్పప్పా."

ప్రతి ఏడూ అతను చెప్పే రెండు మాటలున్నాయి. అందరం జాగర్తగా పని చేద్దాం, ఆవిరి కాడ తొందరపడద్దు. అంజినప్ప చేతికున్న మసి ప్యాంటుకు రాసుకున్నాడు. మారెమ్మ తలగుడ్డ ముడి వేసుకుంటూ బెల్టు వైపు పోబోతోంది.

"మొన్న గుజ్జులో దొరికింది తెల్ల ముక్క," అన్నాడు అంజినప్ప. "సిద్దమ్మవి పచ్చ గాజులు. మీరందరూ సూసినారు."

ఎవరో దగ్గారు.

"అది ట్యాంకు అద్దం ముక్క. ఆవిరి ఆపకుండా నేను బోల్టు బిగించినా. అద్దం చిట్లింది. పాతద్దం బూడిద గుంటలో ఉండాది, తవ్వి సూసుకోండి. గాజులు పగలగొట్టడానికి ప్లేయర్ ఇచ్చింది నేనే. గాజుల సిద్దమ్మ అని పేరు పెట్టిందీ నేనే. ఆయమ్మ తప్పేమీ లేదు."

మునిచంద్ర ఫోను ఇంకా పట్టుకునే ఉన్నాడు. చెయ్యి కిందికి దించాలన్న సంగతి అతనికి ఆలస్యంగా తట్టింది. దించాడు. "టెన్షన్లో ఏదో మాట్లాడతాండాడు," అన్నాడు నవ్వుతూ, అందరి వైపూ చూస్తూ. "పోండి, పోండి. లైను స్టార్ట్ చేయండి."

ఎవరూ కదల్లేదు. అంజినప్పకు తెలిసిన మొహాలే, ఇరవై రెండేళ్ల మొహాలు. కొన్ని నేల వైపు చూస్తున్నాయి. ఆ నేల చూపులు చూసి అతనికి తెలిసింది, పచ్చా తెలుపూ తేడా వీళ్లందరికీ మొదటినుంచీ తెలుసని. మారెమ్మ ఒక్కటే తలెత్తింది.

"పన్నెండు దినాలు నోట్లో ఏం పెట్టుకొని ఉంటివప్పా," అంది.

గ్రూపులో ఆ వీడియో నాలుగు నిమిషాలు ఉంది. తర్వాత అడ్మిన్ తీసేశాడు. అంజినప్పను కూడా గ్రూపులోంచి తీసేశాడు. మధ్యాహ్నం గేటు దగ్గర సెక్యూరిటీ అతని టిఫిన్ క్యారియర్ చేతికిచ్చి, రేపట్నుంచి రావద్దన్నాడు సారు అని చెప్పాడు. కుప్పం పోయే జీపులో వెనక సీట్లో ఎజ్రా కూర్చుని ఉన్నాడు. గేటు దాటేటప్పుడు జీపు నెమ్మదించింది. ముసలాయన అద్దం దించి చెయ్యి బయట పెట్టాడు, ఏదో అనబోయాడు. అంజినప్ప తన క్యారియర్ మూత సరిచేసుకుంటూ నిలబడ్డాడు. జీపు పోయింది.

నాలుగు నిమిషాలు చాలు. ఎవరో దించుకున్నారు. శుక్రవారానికి దానికి పాట కలిసింది. అతను 'తెల్ల ముక్క' అన్నచోట పాట మొదలవుతుంది, 'ప్లేయర్ ఇచ్చింది నేనే' అన్న మాట మూడుసార్లు తిరిగి వస్తుంది. పుంగనూరులో టీ కొట్టు ముందు నిలబడితే ఒకడు "ఏం అద్దాలప్పా, పని దొరికిందా" అన్నాడు. పేరు బాగా అతికిందని అందరూ నవ్వారు. అంజినప్పకు కూడా తెలుసు, పేరంటే అట్లాగే ఉండాలి, వినగానే అతుక్కోవాలి. టీ తాగకుండానే డబ్బులిచ్చి వచ్చేశాడు.

అతని భార్య పుష్పావతి ఒక్క మాట కూడా అనలేదు. శనివారం బాయిలర్ బట్టలు ఉతికి, మడత పెట్టి, పెట్టె అడుగున పెట్టింది. మదనపల్లెలో టమోటా సాస్ చేసే చోట బాయిలర్ మనిషి కావాలంటే అక్కడికి పోయాడు. సూపర్‌వైజర్ మాటలన్నీ విని, చివర్లో ఫోను తీసి ఒకసారి దాన్ని చూసి, ఒకసారి ఇతన్ని చూసి, మళ్లీ చెబుతామన్నాడు.

ఆదివారం పదకొండు గంటలప్పుడు తెలియని నెంబరు నుంచి ఫోనొచ్చింది. అంజినప్ప ఎత్తకూడదనుకుని ఎత్తాడు.

"అన్నా, సిద్దమ్మని."

వెనక చిన్నబిడ్డ ఏడుపు. గిన్నెల చప్పుడు. ఎవరో ఆడమనిషి 'వేన్నీళ్లు చాలా, ఇంగా తేనా' అని అడుగుతోంది.

"కుప్పంలో ఉండా. మా ఇందూకి ఆడబిడ్డ. నిన్న పొద్దున."

"మంచిదమ్మా."

"జయలక్ష్మమ్మే మనిషిని పంపింది, రమ్మని."

అంజినప్ప గోడకు ఆనుకున్నాడు. అడగాల్సింది ఒకటుంది. నాలుగోసారి అవుతుంది. అడగలేదు. బిడ్డ ఏడుపు దగ్గరగా వచ్చి, ఆగింది. సిద్దమ్మ భుజాన వేసుకున్నట్లుంది.

"వీడియో నాకు కూడా వచ్చింది," అంది. "నీ మొగం తెల్లగా పాలిపోయి ఉండింది దాంట్లో."

"ఊఁ."

"మా వియ్యపురాలికి ఇంగెవురో పంపినారంట. ఊర్లో కూడా అందరికాడా ఉండాది." ఆమె బిడ్డను జోకొడుతున్న చప్పుడు ఫోన్లో వినిపిస్తోంది, మెత్తగా, ఒకే లెక్కన. "నేను మాత్రం ఎవురికీ పంపలా అన్నా. అది చెప్పడానికే చేసినా."

ఫోను పెట్టేసింది.